మెయిల్‌మ్యాన్‌కి ఎస్‌ఈలినక్స్ కాపలా: మా సంఘం సర్వర్ మీద వాడి రాస్తున్న రివ్యూ

మాది రాజోలు వైపండి. మా హైస్కూలు పాత విద్యార్థుల సంఘానికి ఒక మెయిలింగ్ లిస్టు ఉంది, దాని సర్వర్ చూసుకునేది నేనే, ఇష్టంతో చేసే పని. వాట్సాప్ ఉండగా ఇంకా మెయిలింగ్ లిస్టు ఏంటని చాలామంది అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో 1024 మందికి మించి పట్టరు, పైగా మూడేళ్ళ కిందట చందా లెక్క ఎవరు పెట్టారా అని వెతికితే గుడ్మార్నింగ్ పూలబొమ్మల కింద ఎక్కడో పూడిపోయి ఉంటుంది. మావాళ్ళు సగం మంది మస్కట్‌లో కువైట్‌లో ఉన్నారు, కొందరు హైదరాబాద్, కొందరు అమెరికా, మిగతావాళ్ళు ఇక్కడే కొబ్బరితోటలు చూసుకుంటూ ఉన్నారు, వీళ్ళందరికీ ఒకే మాట ఒకే చోట తారీకుల వారీగా పదేళ్ళ తర్వాత కూడా దొరకాలంటే నాకు తెలిసి మెయిలింగ్ లిస్టుని మించింది లేదు. మేం వాడేది గ్నూ మెయిల్‌మ్యాన్ 2.1, మెయిలింగ్ లిస్టులు నడిపే ప్రోగ్రామ్.

కానీ ఈ రివ్యూ మెయిల్‌మ్యాన్ మీద కాదండి. దాని చుట్టూ కంచె వేసే ఎస్‌ఈలినక్స్ పాలసీ మీద. ఎస్‌ఈలినక్స్ అంటే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు ముట్టుకోవచ్చో లినక్స్ కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) లోపలే ఉండి చూసే కాపలా, పాలసీ అంటే దాని రూళ్ళ పుస్తకం. ఆల్మాలినక్స్ 8 (సర్వర్లకి వాడే ఒక రకం లినక్స్) వేసుకుంటే ఈ పాలసీ దాంతోనే వచ్చేస్తుంది, విడిగా కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు. అలా ఊరికే వచ్చింది కాబట్టే ఎవరూ దాన్ని పట్టించుకోరు, ఏదైనా పని చెయ్యకపోతే మొట్టమొదట దాన్నే ఆపేస్తారు. నేనూ 2021 దాకా ఆపేసే ఉంచా. 2022 జనవరి నుంచి ఒక్కరోజు కూడా ఆపలేదు. ఎందుకో చెప్తా.

పాత సర్వర్ మీద లిస్టు ఒక్కటే కాదు, సంఘం వెబ్‌సైటు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు కూడా అదే మెషీన్‌లో ఉండేవి. దరఖాస్తులంటే పదో తరగతి పిల్లల మార్కుల లిస్టులు, ఆధార్ కాపీలు, తల్లుల బ్యాంకు పాస్‌బుక్కుల ఫోటోలు. 2021లో వెబ్‌సైట్‌లో కాంటాక్ట్ ఫారం కోసం పెట్టిన ఒక చిన్న ప్లగిన్‌లో కన్నం ఉండి, ఎవడో లోపలికి దూరి మా మెషీన్ నుంచి వేలకొద్దీ స్పామ్ మెయిల్స్ పంపాడు, హోస్టింగ్ వాళ్ళు సర్వర్ ఆపేశారు. స్పామ్ సంగతి సరే, బ్లాక్‌లిస్టుల్లోంచి బయటపడ్డానికి కొన్ని వారాలు పట్టింది, అది కూడా సరే. నాకు నిద్ర పట్టనిది ఇంకోటి. వాడు దూరింది ఒక ఫారంలోంచి, కానీ అక్కణ్ణించి ఎంతవరకు వెళ్ళాడో నేను గట్టిగా చెప్పలేకపోయా. పిల్లల కాగితాలు చూశాడా లేదా అని కమిటీలో ఒక పెద్దాయన అడిగారు, "చూసుండకపోవచ్చండి" అన్నా. ఆ మాట చెప్పడం ఎంత కష్టంగా ఉందో నాకే తెలుసు.

ఆ డిసెంబరు 31తో పాత సర్వర్‌లో ఉన్న సెంటాస్ 8 లినక్స్‌కి సపోర్టు కూడా ముగిసిపోయింది, ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి ఆల్మాలినక్స్ 8 మీద కొత్తగా కట్టా, ఈసారి ఎస్‌ఈలినక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లోనే (రూళ్ళు నిజంగా అమలుచేసే పద్ధతిలోనే) ఉంచి.

తెలియనివాళ్ళ కోసం ఇది ఏం చేస్తుందో మన డెల్టా భాషలో చెప్తానండి. పొలం మనదే, బోదె (పొలంలోకి నీళ్ళు తెచ్చే చిన్న కాలవ) మనదే, కానీ కాలవ మీద తూము మన ఇష్టం వచ్చినట్టు ఎత్తుకోడానికి లేదు కదా. దాళ్వాలో (రెండో పంటకి) నీళ్ళు తగ్గితే వంతులు పెడతారు, కాలవ కాపలా చూసే లస్కరు తిరుగుతాడు, ఎంత పెద్ద రైతైనా తన వంతు కాని రోజు తూము ముట్టుకోకూడదు. మామూలు లినక్స్ పర్మిషన్లు బోదె లాంటివి, ఫైలు ఎవరిదైతే వాళ్ళే తెరుస్తారు మూస్తారు, 777 కొట్టేస్తే ఊరందరికీ తెరుచుకుంటుంది, రూట్‌కైతే, అంటే మెషీన్ మొత్తానికి పెద్దకైతే, అడ్డే లేదు. ఎస్‌ఈలినక్స్ లస్కరు లాంటిది. ఫైలు మీదే అయినా, పర్మిషన్లు తెరిచే ఉన్నా, ఈ ప్రోగ్రామ్‌కి ఈ రకం ఫైలు తెరిచే రూలు పాలసీలో రాసి లేకపోతే కెర్నెల్ ఒప్పుకోదు. రూట్‌గా నడిచే ప్రోగ్రామైనా అంతే, దానికో డొమైన్ (పాలసీ గీసిన గిరి) కేటాయించాక ఆ గట్టు దాటలేదు. దీన్ని మ్యాండేటరీ (తప్పనిసరి) యాక్సెస్ కంట్రోల్ అంటారు, ఆ మ్యాండేటరీ అనే మాట అందుకే వచ్చింది. రెండు తనిఖీలూ జరుగుతాయి, ముందు మామూలు పర్మిషన్లు చూస్తుంది, అక్కడ పాసైతే తర్వాత పాలసీ చూస్తుంది.

ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు తయారుచేసి 2000 డిసెంబరులో బయటికి ఇచ్చారు, 2003లో కెర్నెల్ 2.6లోనే కలిసిపోయింది. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే 5.0 వెర్షన్ దగ్గర్నుంచి అందులోనూ ఇదే పూర్తి ఎన్‌ఫోర్సింగ్‌లో నడుస్తోంది. ఫోన్లో ఎవరూ ఆపరు, సర్వర్లో మాత్రం అందరూ ఆపేస్తారు!

సరే, మెయిల్‌మ్యాన్ పాలసీలోకి వద్దాం. దీంట్లో నాకు బాగా నచ్చింది మెయిల్‌మ్యాన్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టకపోవడం. మూడు డొమైన్లుగా విడగొట్టారు. పోస్ట్‌ఫిక్స్ (సర్వర్‌కి వచ్చే మెయిల్స్ చూసుకునే ప్రోగ్రామ్) నుంచి వచ్చిన మెయిల్‌ని అందుకునే చిన్న ర్యాపర్ ఉంటుంది కదా, అది నడిచేది మెయిల్‌మ్యాన్ మెయిల్ టీ లో. వెబ్ పేజీలు, అంటే మెంబర్లు చేరే పేజీ, అడ్మిన్ పేజీ లాంటివి నడిచేది మెయిల్‌మ్యాన్ సీజీఐ టీ లో. వెనకాల కూర్చుని క్యూలో ఉన్న మెయిల్స్‌ని ఒక్కొక్కటే తీసి అందరికీ పంపి, ఆర్కైవ్‌లో పెట్టే క్యూరన్నర్లు మెయిల్‌మ్యాన్ క్యూ టీ లో. చివర టీ అంటే టైప్ అని. ఫైళ్ళకీ ఇలాగే విడివిడి టైపులు (ఫైలుకి అంటించే ఈ పేరునే లేబుల్ అంటారు), ఆర్కైవ్‌లకి ఒకటి, డేటాకి ఒకటి, లాగ్‌లకి ఒకటి, లాక్ ఫైళ్ళకి ఒకటి. ఏ డొమైను ఏ టైపుని ఏం చెయ్యొచ్చో రూళ్ళు. బయట ప్రపంచానికి ఎక్కువగా కనపడేది వెబ్ పేజీలు కాబట్టి రేపు దాంట్లో ఏదైనా కన్నం బయటపడినా, దూరినవాడు సీజీఐ డొమైన్‌లోనే ఇరుక్కుంటాడు, సర్వర్ అంతా తిరగలేడు. మా వైపు రొయ్యల చెరువుల చుట్టూ పీతల కంచె వేస్తారు చూడండి, పక్క చెరువులో వైట్‌స్పాట్ రోగం వచ్చినా పీతలు పాక్కుంటూ వచ్చి మనకి అంటించకుండా, సరిగ్గా అదే.

నడుస్తున్నప్పుడు, ప్రాసెస్‌లు చూపించే పీఎస్ కమాండ్‌కి క్యాపిటల్ జెడ్ పెట్టి చూస్తే ఏ ప్రాసెస్ ఏ డొమైన్‌లో ఉందో కనపడుతుంది. నేను కొత్త సర్వర్ మీద మొదట చేసిన పని అదే, క్యూరన్నర్లన్నీ వాటి డొమైన్‌లో నడుస్తున్నాయని చూసుకున్నాక, సీసెర్చ్ అనే టూల్‌తో ఆ మూడు డొమైన్లకి హోమ్ ఫోల్డర్లలో ఫైళ్ళు ఓపెన్ చేసే రూలు ఉందేమో వెతికా. నాకు కనపడలా. స్కాలర్‌షిప్ కాగితాలు ఉండేది అక్కడే. ఆ రాత్రి కమిటీ పెద్దాయనకి ఫోన్ చేసి "ఈసారి లిస్టు ప్రోగ్రామ్‌లోకి ఎవడైనా దూరినా పిల్లల కాగితాల దాకా వెళ్ళకుండా అడ్డు ఉందండి" అని చెప్పా. "చూసుండకపోవచ్చు" లాంటి మాట వాడలేదు.

ఇప్పుడు కష్టం గురించి. ఉంది, దాచను. 2022 జులై గోదారి వరద అందరికీ గుర్తుండే ఉంటుంది, భద్రాచలం దగ్గర నీళ్ళు 71 అడుగులు దాటాయి, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇచ్చేస్తారు మరి. ధవళేశ్వరంలో 17 లక్షల క్యూసెక్కులకి మూడో హెచ్చరిక, ఆ ఏడాది 25 లక్షలు దాటి వదిలారు. లంక గ్రామాలు చాలా వరకు నీళ్ళలోనే, కాజ్‌వేలు మునిగిపోయాయి, పడవ తప్ప దారి లేదు. మా లిస్టు మీద ఆ వారం మెయిలే మెయిలు, ఏ లంకకి పాలపాకెట్లు కావాలి, టార్పాలిన్లు ఎన్ని ఉన్నాయి, ఎవరు ఎంత పంపారు, ఎవరి దగ్గరికి చేరింది, అన్నీ దాంట్లోనే. అందరికీ మెయిల్స్ చక్కగా వెళ్తున్నాయి, నేనూ బియ్యం బస్తాల పనిలో పడి సర్వర్ మొహం చూడలేదు. నాలుగో రోజు మస్కట్ నుంచి ఒకన్నయ్య రాశారు, "తమ్ముడూ, మొన్నటి లెక్కల మెయిల్ ఆర్కైవ్‌లో కనపడట్లేదు, ఎవరికో చూపించాలి" అని.

చూస్తే ఆర్కైవ్ పేజీ తెరుచుకుంటోంది, పాత మెయిల్స్ ఉన్నాయి, వరద మొదలైన దగ్గర్నుంచి ఒక్కటీ లేదు. గుండె జారిపోయింది. కరెంటు పోయి వస్తోంది, ఫోన్లోంచి ఎస్‌ఎస్‌హెచ్ చేసి చూస్తున్నా. మెయిల్‌మ్యాన్ ఎర్రర్ లాగ్‌లో ఆర్కైవ్ ఫైల్ యాక్సెస్ ఫెయిల్యూర్, పర్మిషన్ డినైడ్, దాని కింద షంటింగ్ (మెయిల్ పక్కన పెడుతున్నా) అని వరసపెట్టి ఉన్నాయి. పర్మిషన్ డినైడ్ అంటే అందరం చేసేదే చేశా, ఓనరు చూశా, గ్రూపు చూశా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెయిల్‌మ్యాన్‌తో వచ్చే చెక్‌పెర్మ్స్ స్క్రిప్టు నడిపితే నో ప్రాబ్లమ్స్ ఫౌండ్ అంది. అంత సరిగ్గా ఉండి డినైడ్ ఏంటో అర్థం కాలేదు. అప్పుడు వెలిగింది లస్కరు సంగతి.

ఆడిట్ లాగ్ వెతికే ఏయూసెర్చ్‌లో ఏవీసీ మెసేజీలు (ఎస్‌ఈలినక్స్ వద్దన్నప్పుడు లాగ్‌లో రాసేవి) అడిగితే మొత్తం బయటపడింది. అడిగింది మెయిల్‌మ్యాన్ క్యూ టీ, అడిగిన ఫైలు లేబుల్ యూజర్ హోమ్ టీ, చెయ్యబోయింది అపెండ్, అంటే ఫైలు చివర కొత్తది చేర్చడం. ఆర్కైవ్‌లో ఉండాల్సిన ఎంబాక్స్ ఫైలుకి (మెయిల్స్ అన్నీ వరసగా పేర్చుకునే ఫైలు అది) హోమ్ ఫోల్డర్ లేబుల్ ఎలా వచ్చిందంటే, వరదకి సరిగ్గా ముందు డిస్కు నిండిపోతోందని నేను ఆ ఎంబాక్స్‌ని నా హోమ్‌లోకి కాపీ చేసుకుని, పెద్ద పెద్ద పెళ్ళి వీడియోల అటాచ్‌మెంట్లు తీసేసి, ఎంవీ కమాండ్‌తో తిరిగి దాని చోట్లో పెట్టా. ఇక్కడే ఉంది కిటుకు, ఇది రాసి పెట్టుకోండి. సీపీతో కాపీ చేస్తే కొత్త ఫైలు, అది పడిన ఫోల్డరు లేబుల్ తెచ్చుకుంటుంది. ఎంవీతో జరిపితే పాత లేబులే మోసుకెళ్తుంది. నా హోమ్‌లో పుట్టిన ఫైలు హోమ్ లేబుల్‌తోనే ఆర్కైవ్‌లోకి వెళ్ళి కూర్చుంది. ఓనరు గ్రూపు అన్నీ నేను సరిచేశా కానీ లేబుల్ చూడలేదు, ఎందుకంటే ఎల్‌ఎస్‌కి క్యాపిటల్ జెడ్ పెడితే తప్ప అది కంటికి కనపడదు. మెయిల్స్ మాత్రం ఆగకుండా ఎందుకు వెళ్ళాయంటే మెయిల్‌మ్యాన్‌లో పంపే క్యూ వేరు, ఆర్కైవ్ క్యూ వేరు, ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. అందుకే నాలుగు రోజులు ఎవరికీ తెలియలా.

మందు ఒక్క లైను. రిస్టోర్‌కాన్ కమాండ్‌కి క్యాపిటల్ ఆర్, చిన్న వీ పెట్టి మెయిల్‌మ్యాన్ ఫోల్డర్ మీద కొడితే అది ప్రతి ఫైలుకీ పాలసీలో రాసున్న అసలు లేబుల్ తిరిగి వేసేస్తుంది, ఏది మార్చిందో చూపిస్తుంది కూడా. తర్వాత అన్‌షంట్ అనే మెయిల్‌మ్యాన్ స్క్రిప్టు నడిపా, పక్కన పెట్టిన మెయిల్స్ అన్నీ మళ్ళీ ఆర్కైవ్ క్యూలోకి వెళ్ళి ఒక్కటి కూడా పోకుండా వచ్చేశాయి. మెయిల్‌మ్యాన్ పాతదే కావచ్చు గానీ చేతికొచ్చిన మెయిల్‌ని పారెయ్యదు, షంట్‌లో దాచి పెడుతుంది, ఆ ఒక్క గుణానికి దండం పెట్టొచ్చు. ఇప్పుడైతే ఎంవీకే క్యాపిటల్ జెడ్ పెడుతున్నా, అది వెళ్ళే చోటి లేబుల్ వేసి జరుపుతుంది.

ఆ రోజు ఇంకో దారి కూడా ఉంది, చాలామంది ఆ దారే పడతారు కాబట్టి దాని గురించి కొంచెం గట్టిగానే చెప్తా. ఆడిట్2అలౌ అనే టూల్ ఉంది, డినై అయిన మెసేజీలన్నీ దాంట్లో పోస్తే వాటిని ఒప్పుకునే రూళ్ళు తయారుచేసి మాడ్యూల్ ఇస్తుంది, ఎక్కించేస్తే ఎర్రర్లు మాయం. ఇంటర్నెట్‌లో సగం చోట్ల ఇదే చెప్తారు. నా కేసులో అది ఏం రూలు ఇచ్చిందో తెలుసాండి, మెయిల్‌మ్యాన్ క్యూ డొమైను యూజర్ హోమ్ టైపు ఫైళ్ళని ఓపెన్ చేసి రాయొచ్చు అని! అంటే ఒక్క ఫైలు లేబుల్ తప్పు పడినందుకు మెషీన్‌లో అందరి హోమ్ ఫోల్డర్లకీ దారి తెరిచేసినట్టు. పిల్లల కాగితాలున్నది అక్కడే కదా. బోదెలో ఒక చోట పూడిక ఉంటే పూడిక తియ్యాలి గానీ కాలవ గట్టు కొట్టేస్తామా? ఆడిట్2అలౌ ఇచ్చిన రూలు ఎక్కించే ముందు చదవండి, టార్గెట్ లేబుల్ చూసి "అసలు ఈ ఫైలుకి ఈ లేబుల్ ఉండాలా" అని ఒక్కసారి అడుక్కోండి. నా అనుభవంలో పదిలో తొమ్మిదిసార్లు లేబుల్ తప్పే.

ఇంకా తేడా ఎక్కడుందో తెలియకపోతే సెట్‌ఎన్‌ఫోర్స్ జీరో కొట్టి మొత్తం మెషీన్ కాపలా ఎత్తెయ్యకండి. సీమేనేజ్‌లో పర్మిసివ్ అని ఉంది, ఒక్క మెయిల్‌మ్యాన్ క్యూ టీ డొమైన్‌ని మాత్రమే పర్మిసివ్‌లో పెట్టొచ్చు, అది అన్నీ చెయ్యనిస్తుంది కానీ లాగ్‌లో రాస్తుంది, మిగతా సర్వర్ అంతా కాపలాలోనే ఉంటుంది. పని అయ్యాక తీసెయ్యడం మర్చిపోకూడదు, నేను ఫోన్లో అలారం పెట్టుకుంటా. పూర్తిగా డిసేబుల్ మాత్రం అసలొద్దు, డిసేబుల్‌లో ఉన్నప్పుడు పుట్టిన ఫైళ్ళకి లేబుళ్ళే పడవు, మళ్ళీ ఎన్‌ఫోర్సింగ్‌కి రావాలంటే డిస్కు మొత్తం రీలేబుల్ చేసుకోవాలి. కొన్నిసార్లు పని ఆగుతుంది కానీ లాగ్‌లో ఏవీసీ కనపడదు, డోంట్‌ఆడిట్ అనే రూళ్ళు వాటిని దాచేస్తాయి, సీమాడ్యూల్‌కి క్యాపిటల్ డీ క్యాపిటల్ బీ పెడితే ఆ దాపరికం పోతుంది, చూశాక ఒట్టి బీ పెట్టి మళ్ళీ కట్టెయ్యండి, లేకపోతే లాగ్ నిండిపోతుంది. అన్నట్టు గ్రూప్ మిస్‌మ్యాచ్ అని ఎర్రర్ వస్తే దానికీ ఎస్‌ఈలినక్స్‌కీ సంబంధం లేదు, అది మెయిల్‌మ్యాన్ ర్యాపర్ సొంతంగా చేసే తనిఖీ. ఊరికే లస్కరు మీద పడకండి.

తర్వాతి ఏడాది డేటా అంతా కొత్త డిస్కు మీదకి మార్చా, ఎస్‌ఆర్‌వీ కింద. ఇది మాత్రం పది నిమిషాల్లో అయిపోయింది. సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌లో ఈక్వలెన్స్ అని ఒకటుంది, చిన్న ఈ ఆప్షను, "వార్ లిబ్ మెయిల్‌మ్యాన్ ఎలాగో ఈ కొత్త ఫోల్డరూ అలాగే" అని ఒక్క మాట చెప్పి రిస్టోర్‌కాన్ కొడితే లోపలున్న ఆర్కైవ్‌లు, లిస్టు డేటా అన్నీ వాటి వాటి టైపులు తెచ్చుకున్నాయి. ఒక్కో ఫోల్డర్‌కి విడిగా రాయక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫ్యూజ్ డ్రైవ్ (వేరే మెషీన్‌లోని ఫోల్డరుని ఇక్కడ తగిలించుకునే లాంటిది) మీద మెయిల్‌మ్యాన్ ఫైళ్ళు పెట్టాలనుకునేవాళ్ళకి మెయిల్‌మ్యాన్ యూజ్ ఫ్యూజ్‌ఎఫ్‌ఎస్ అనే స్విచ్చు కూడా ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, సెట్‌ఎస్‌ఈబూల్‌తో క్యాపిటల్ పీ పెట్టి ఆన్ చేస్తే రీబూట్ అయినా నిలుస్తుంది. నాకు అవసరం పడలేదు, అందుకే ఆన్ చెయ్యలేదు.

ఇక ఇది చెయ్యలేనిది. ఈ ముక్క చెప్పకపోతే ఈ రివ్యూ చదివి ఎవరైనా నిశ్చింతగా పడుకుంటారేమో అని నా భయం. ఈ కంచె మిగతా సర్వర్‌ని మెయిల్‌మ్యాన్ నుంచి కాపాడుతుంది. మెయిల్‌మ్యాన్ లోపలున్నవాటిని మెయిల్‌మ్యాన్ నుంచి కాపాడదు. 2005లో మెయిల్‌మ్యాన్ 2.1.5లో ప్రైవేట్ ఆర్కైవ్‌లు చూపించే స్క్రిప్టులో డైరెక్టరీ ట్రావర్సల్ కన్నం (తన ఫోల్డరు దాటి వేరే ఫైళ్ళు చదివేసే దారి) బయటపడింది, దాంతో లిస్టుల మెంబర్ల పాస్‌వర్డులు లాగేశారు. ఆ స్క్రిప్టు సీజీఐ డొమైన్‌లో నడిచినా సరే, పాస్‌వర్డులున్నది మెయిల్‌మ్యాన్ సొంత డేటా ఫైల్లో, దాన్ని చదవడం ఆ స్క్రిప్టుల రోజువారీ పని, పాలసీ ఏమని ఆపుతుంది? మెయిల్‌మ్యాన్ 2.1 మెంబర్ల పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా దాచి, ఆపకపోతే నెలనెలా మెయిల్లో గుర్తుచేస్తుంది కూడా, మెంబర్లు అదే పాస్‌వర్డు బ్యాంకుకీ పెట్టుకునుంటే ఇంక చెప్పక్కర్లేదు. 2021 అక్టోబరులో 2.1.35తో సరిచేసిన కన్నాలూ అంతే, ఒక మామూలు మెంబరు తన టోకెన్ పట్టుకుని అడ్మిన్ స్థాయికి ఎగబాకే వీలు. అది మెయిల్‌మ్యాన్ లోపలి తగువు, కెర్నెల్‌కి కనపడదు. కాబట్టి అప్‌డేట్లు మానకండి. వెర్షన్ నెంబరు పాతదిగా కనపడినా సెక్యూరిటీ ఫిక్సులు వెనక్కి తెచ్చి కలుపుతారు, ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో సీవీఈ నెంబరు (ఒక్కో కన్నానికి ఇచ్చే గుర్తింపు నెంబరు) వెతుక్కుంటే తెలుస్తుంది.

పాలసీలో నాకు నచ్చని ఒక విషయం, పబ్లిక్ ఆర్కైవ్‌లకీ ప్రైవేట్ ఆర్కైవ్‌లకీ ఒకటే టైపు. రెండూ మెయిల్‌మ్యాన్ ఆర్కైవ్ టీ యే. వెబ్ సర్వర్‌కి ఆ టైపు చదివే హక్కు ఉంది, పబ్లిక్ పేజీలు చూపించాలి కాబట్టి. అంటే మా కమిటీ ప్రైవేట్ లిస్టు, ఎవరి ఇంట్లో ఏం కష్టమొచ్చింది, ఎవరికి సాయం చెయ్యాలి అని గుట్టుగా మాట్లాడుకునేది, దాని ఆర్కైవ్‌కీ వెబ్ సర్వర్‌కీ మధ్య ఈ లస్కరు లేడు, మామూలు పర్మిషన్లే దిక్కు. ఇది తెలిశాక కమిటీ లిస్టుకి ఆర్కైవింగే ఆపేశా. రెండు టైపులు పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

డాక్యుమెంటేషన్ సంగతి. పాలసీ డాక్ ప్యాకేజీ వేసుకుంటే మూడు డొమైన్లకీ మూడు మ్యాన్ పేజీలు వస్తాయి. పాలసీలోంచి ఆటోమేటిగ్గా పుట్టించిన పేజీలు అవి, టైపులన్నీ ఉంటాయి, ఏ ఫోల్డర్‌కి ఏ టైపో ఉంటుంది, బూలియన్లు (ఆన్ ఆఫ్ స్విచ్చులు) ఉంటాయి. తప్పు ఉండదు, కానీ మొదటిసారి చదివేవాడికి ఎక్కడ మొదలెట్టాలో తెలియదు, మూడు పేజీలూ ఒకేలా ఉంటాయి, "నీ ఆర్కైవ్ ఆగిపోతే ముందు ఇది చూడు" అని మనిషి మనిషికి చెప్పినట్టు ఒక్క ముక్క ఉండదు. పరీక్ష ముందు రోజు గైడు లేకుండా టెక్స్ట్‌బుక్కు ఇచ్చినట్టు. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది అందుకే.

ఎస్‌ఈఅలర్ట్ అనే టూల్ ఉంది, డినై అయినదాన్ని మాటల్లో విడమరిచి ఏం చెయ్యాలో సలహా ఇస్తుంది, కొత్తవాళ్ళకి చాలా మంచిది. మాది 1 జీబీ చిన్న మెషీన్, దాని మీద కాస్త బరువనిపించి తీసేశా, ఏయూసెర్చ్‌తోనే లాగించేస్తున్నా. డెబియన్ అనే ఇంకో లినక్స్ వాడేవాళ్ళు, ఇలాంటి కాపలాయే అయిన యాప్‌ఆర్మర్ మంచిది కదా అంటారు, డెబియన్ 10 నుంచి అందులో అదే డిఫాల్టు, అది లేబుళ్ళతో కాదు ఫైలు దారి పేరుతో చూస్తుంది, నాకు వచ్చిన ఎంవీ తంటా దాంట్లో వచ్చేది కాదు, అది నిజమే. కానీ మెయిల్‌మ్యాన్‌కి మూడు డొమైన్లతో, పెట్టెలోంచి తీయగానే పనిచేసే పాలసీ నాకు దొరికింది ఇక్కడే.

స్టార్లు అడిగితే ఐదుకి నాలుగిస్తా. పోయిన ఒక్కటీ సగం మ్యాన్ పేజీలకి, సగం ఆర్కైవ్ టైపుకి. చిన్న సంఘాలు, గుళ్ళ కమిటీలు, కాలేజీ డిపార్ట్‌మెంట్లు, ఒకే మెషీన్ మీద లిస్టుతో పాటు ఇంకో నాలుగు పనులు పెట్టుకున్నవాళ్ళకి ఇది తప్పకుండా కావాలి. మెయిల్‌మ్యాన్ 2.1 నడిచేది పైథాన్ 2 మీద, ఆ పైథాన్‌కి అసలు తయారీదారులు 2020 జనవరి 1తోనే సపోర్టు ఆపేశారు, అంత పాతబడిన ఇంటికి కంచె లేకుండా ఎలా ఉంటాం? మెయిల్‌మ్యాన్ 3కి మారాలి, మారతాం కూడా, ఇరవై వేల మెయిల్స్ ఆర్కైవ్ జాగ్రత్తగా తరలించాలి, అప్పటిదాకా మాత్రం ఈ కాపలా తియ్యను.

ప్రతి ఏడూ జూన్‌లో, గోదారికి ఎర్రనీళ్ళు రాకముందే, రిస్టోర్‌కాన్‌కి చిన్న ఎన్ కలిపి ఒకసారి నడుపుతా, అది ఏదీ మార్చదు, లేబుల్ తప్పున్న ఫైళ్ళు మాత్రం చూపిస్తుంది. పోయినసారి రెండు ఫైళ్ళు చూపించింది, రెండూ లాగ్ ఫోల్డర్లో నేనే పెట్టినవి. సరిచేసి, టెస్టు మెయిల్ ఒకటి పంపి, అది ఆర్కైవ్‌లో కనపడిందాకా ఉండి, అప్పుడు లేచా.